బృహద్ధమని బలహీనంగా ఉంటే ఆటలు ఎంతవరకు? హక్కులు, నియమాలపై తరచూ అడిగే ప్రశ్నలు

గుండెలోంచి నెత్తుటిని ఒళ్లంతటికీ మోసుకెళ్లే పెద్ద రక్తనాళం బృహద్ధమని. దాని గోడ పుట్టుకతోనే బలహీనంగా ఉండే జబ్బులు కొన్ని కుటుంబాల్లో తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తాయి. ఇంట్లో ఒకరికి అలాంటిది ఉందని తేలగానే బంధువులు రెండు జట్లుగా విడిపోతారు. 'ఇక మంచం దిగొద్దు' అంటుంది ఒక జట్టు. 'కుర్రాడు నిక్షేపంలా ఉన్నాడు, డాక్టర్లు ఊరికే భయపెడతారు' అంటుంది రెండోది. ఇద్దరినీ కాసేపు పక్కన పెట్టి వైద్య సంఘాల నియమాలు ఏమంటున్నాయో చూద్దాం. బడిలో, జిమ్‌లో, బీమా కంపెనీ దగ్గర మీకు ఏ హక్కులున్నాయో, ఏవి లేవో కూడా చూద్దాం. ఏ ఆట ఎంతసేపు అన్న చివరి మాట మాత్రం మీ గుండె డాక్టరుదే.

ఏ జబ్బుల గురించి ఈ మాట?

ఎక్కువమంది విన్నది మార్ఫాన్ సిండ్రోమ్. సుమారు 5000 మందిలో ఒకరికి ఉంటుంది. మనిషి పొడుగ్గా, సన్నగా ఉండటం, చేతులూ వేళ్లూ సాగినట్టు కనిపించడం, కంట్లో కటకం పక్కకు జరగడం, వెన్ను వంకరపోవడం దీని ఆనవాళ్లు. లోయిస్-డీట్జ్ సిండ్రోమ్, రక్తనాళాల రకం ఎలర్స్-డాన్లోస్ సిండ్రోమ్ ఇంతకన్నా మొండివి. వాటిలో ధమని పెద్దగా ఉబ్బకుండానే చీలిపోవచ్చు. పైకి ఏ గుర్తూ లేకుండా ధమని ఉబ్బు ఒక్కటే వంశంలో నడిచే కుటుంబాలూ ఉన్నాయి. వీటిలో చాలావాటికి తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. మార్ఫాన్ ఉన్నవాళ్లలో దాదాపు పావువంతు మందికి ఇంట్లో ఎవరికీ లేకుండా కొత్తగా వస్తుంది. అందుకే 'మా వంశంలో లేదు' అని పరీక్ష మానేయడానికి లేదు.

గోడ బలహీనమైన చోట ధమని పాత సైకిలు ట్యూబులా ఉబ్బుతుంది. బీపీ ఒక్కసారిగా ఎగిసినప్పుడు లోపలి పొర చిరిగి నెత్తురు పొరల మధ్యకు చొరబడుతుంది. దాన్ని డిసెక్షన్ అంటారు. వ్యాయామానికీ ఈ జబ్బుకూ ఉన్న పేచీ అంతా ఈ ఎగిసే బీపీతోనే.

ఒంట్లో ఏ బాధా లేదు. మార్ఫాన్ ఉందన్నారు, ఎకోలో ధమని 42 మిల్లీమీటర్లని రాశారు. ఆట మానేయాలా?

ఎంత ఉబ్బింది, దానికి కారణం ఏ జబ్బు అన్న రెండూ కలిపి చూడాలి. యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ 2020లో ఇచ్చిన క్రీడా మార్గదర్శకాలు మార్ఫాన్‌ను, అలాంటి వంశపారంపర్య జబ్బులను ధమని కొలతను బట్టి మెట్లుగా విడగొట్టాయి. ధమని ఉబ్బకపోతే తీవ్రమైన శ్రమ, ఒకరినొకరు ఢీకొనే ఆటలు, కండబలం మీద నడిచే ఆటలు వద్దు. మిగతావి ఆడొచ్చు. 40 నుంచి 45 మిల్లీమీటర్లుంటే నేర్పు మీద నడిచే ఆటలు, తేలిక శ్రమతో సాగే ఆటలు మాత్రమే. 45 నుంచి 50 దాకా ఉంటే చికిత్స సంగతి తేలేవరకు ఆటలు ఆపాలి. ఈ లెక్కన మీది నడిమి మెట్టు. వంశపారంపర్య సిండ్రోమ్ ఏదీ లేకుండా, పుట్టుకతో బృహద్ధమని కవాటానికి మూడు రెక్కల బదులు రెండే ఉన్న మనిషికి ఇదే 42 వస్తే ఇంత కట్టడి ఉండదు. అందుకే పక్కింటాయన రిపోర్టుతో మీ రిపోర్టు పోల్చుకోకండి.

పిల్లల విషయంలో మిల్లీమీటర్లు చాలవు. ఒంటి ఎత్తు, బరువులకు తగ్గట్టు లెక్కగట్టే జడ్-స్కోరు అడగండి. అది 2 దాటితే ఉబ్బు కిందే లెక్క. జబ్బు కొత్తగా తేలినప్పుడు ఆరు నెలలకు మళ్లీ ఎకో తీయించి, ధమని స్థిరంగా ఉంటే ఆ తర్వాత ఏడాదికోసారి చూడటం మామూలు పద్ధతి. మార్ఫాన్‌లో 50 మిల్లీమీటర్లకు చేరితే ఆపరేషన్ ప్రస్తావన వస్తుంది. వేగంగా పెరుగుతున్నా, ఇంట్లో ఎవరికైనా ధమని చీలి ఉన్నా ఇంకా ముందే వస్తుంది.

కదలొద్దనే నియమం మాత్రం ఎక్కడా లేదు. అమెరికా గుండె వైద్య సంఘాలు రెండూ కలిసి 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు ధమని ఉబ్బు ఉన్నవాళ్లకు, అంతకుముందు చీలినవాళ్లకు కూడా, బీపీ అదుపులో ఉంటే వారానికి కనీసం మూడు నాలుగు రోజులు, రోజుకు 30 నుంచి 60 నిమిషాలు తేలికపాటి నుంచి మధ్యస్థం దాకా వ్యాయామం చేయించమనే చెబుతున్నాయి. మంచానికి కట్టేస్తే బీపీ, బరువు, దిగులు మూడూ పెరుగుతాయి.

సరే, ఏ ఆటలు పరవాలేదు, ఏవి వద్దు?

అమెరికా సంఘాల జాబితా ఆటలను రెండు కొలతలతో తూస్తుంది. కండరాలు బిగబట్టే శ్రమ ఎంత అన్నది మొదటిది, గుండె వేగంగా కొట్టుకునే శ్రమ ఎంత అన్నది రెండోది. బిగబట్టే శ్రమ ఎక్కువున్నవే ధమనికి శత్రువులు. బరువులెత్తడం, జిమ్నాస్టిక్స్, కరాటే లాంటి యుద్ధవిద్యలు, కొండ గోడలెక్కడం, షాట్‌పుట్ విసరడం ఆ గదిలో ఉంటాయి. రెండు శ్రమలూ తక్కువున్న గదిలో గోల్ఫ్, రైఫిల్ షూటింగ్, యోగాలతో పాటు క్రికెట్ కూడా ఉంది! ఆ జాబితా రాసినవాళ్లు మన వీధి టోర్నమెంట్లు చూసి ఉండరు. స్లిప్‌లో నిలబడి నెమ్మదిగా సింగిల్స్ తీసుకునే ఆదివారపు ఆట వేరు, పరిగెత్తుకొచ్చి ఒళ్లంతా విదిలించి వేసే ఫాస్ట్ బౌలింగ్ వేరు. యోగా కూడా అంతే. నేల మీది తేలికైన ఆసనాలకు అభ్యంతరం లేదు. శీర్షాసనం, ఊపిరి బిగబట్టే కుంభకం, చేతుల మీద ఒళ్లంతా మోసే మయూరాసనం వద్దు.

మన కబడ్డీ ఆ అమెరికా జాబితాలో లేదు. ఉంటే ఎక్కడ పెట్టేవాళ్లో చెప్పడం కష్టం కాదు. చెడుగుడు కూతకు వెళ్లినవాడు ఏం చేస్తాడో గమనించండి. గీత దాటేముందు గుండెల నిండా గాలి పీల్చి, ఆ ఒక్క ఊపిరి మీదే కూత పెడతాడు. అవతలివాళ్లు నలుగురు కాళ్లూ నడుమూ పట్టేస్తే, ఊపిరి వదలకుండా కండలన్నీ బిగించి, వాళ్ల బరువునంతా ఈడ్చుకుంటూ గీత వైపు పాకుతాడు. ఊపిరి బిగబట్టడం, బిగబట్టే శ్రమ, ఛాతీ మీద దెబ్బ: డాక్టర్లు వద్దనే మూడూ ఒకే కూతలో ఉన్నాయి. సంక్రాంతి పోటీల్లో తాడు లాగుడు, జాతరల్లో గుండు ఎత్తే పందేలు కూడా ఈ కోవలోనివే.

వాలీబాల్ గురించి ఒక మాట చెప్పాలి. 1984 ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన అమెరికా జట్టు తార ఫ్లో హైమన్ 1986 జనవరిలో జపాన్‌లోని మాట్సుయేలో మ్యాచ్ మధ్యలో కుప్పకూలి చనిపోయింది. వయసు 31. మొదట గుండెపోటన్నారు. శవపరీక్షలో చీలిన బృహద్ధమని కనబడింది. ఆమెకు మార్ఫాన్ ఉందని బతికుండగా ఎవరూ కనిపెట్టలేదు. ఆరడుగుల అయిదంగుళాల మనిషి, పొడవైన చేతులు. ఆ ఆటకు వరమనుకున్న శరీర లక్షణాలే జబ్బు ఆనవాళ్లు. మన దగ్గర కూడా బాస్కెట్‌బాల్, వాలీబాల్ కోచ్‌లు ముందుగా ఏరుకునేది పొడుగు పిల్లలనే. చేతులు చాచిన పొడవు ఒంటి ఎత్తును బాగా మించిన పిల్లవాణ్ని జట్టులోకి తీసుకునేముందు ఒక్క ఎకో తీయించమని ప్రతి కోచ్‌కూ చెప్పాలనిపిస్తుంది. ఈసీజీ తీయిస్తే సరిపోదు, అందులో ధమని కొలత కనబడదు.

నడక, చదునైన దారిలో సైకిలు, తొందరపడని ఈత, స్నేహంగా ఆడే షటిల్ డబుల్స్, టేబుల్ టెన్నిస్ చాలామందికి నప్పుతాయి. నన్నడిగితే పరీక్ష ఒకటే. చేస్తూ చేస్తూ మాట్లాడగలగాలి, ఆపాలనుకున్న క్షణాన ఆపగలగాలి. పాయింట్లు, ఈలలు, అరుపులు ఉన్నచోట మనిషి ఆగాల్సినప్పుడు ఆగడు. పోటీ ఆటకూ కాలక్షేపం ఆటకూ నియమాల్లో తేడా ఉండటానికి అదో పెద్ద కారణం. ఇంకొకటి: బీపీ తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లకు గుండె వేగం మందు వల్లే తగ్గి ఉంటుంది కాబట్టి చేతి గడియారం చూపే 'టార్గెట్ రేటు' నమ్మదగింది కాదు.

జిమ్‌లో బరువులు అసలు ముట్టుకోకూడదా?

కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు 1985లో బాడీ బిల్డర్ల రక్తనాళంలోనే గొట్టం పెట్టి, బరువులెత్తుతుంటే బీపీ కొలిచారు. రెండు కాళ్లతో లెగ్ ప్రెస్ చేస్తున్నప్పుడు సగటున 320/250 దాకా పోయింది. ఒకరికి 480/350 దాటింది. 140 వస్తేనే కంగారుపడే మనకు ఈ అంకెలు వింటేనే గుండె ఝల్లుమంటుంది. ఆరోగ్యంగా ఉన్న ధమని ఆ కొద్ది క్షణాలు తట్టుకుంటుంది. బలహీనమైనది తట్టుకోకపోవచ్చు.

బీపీని అంతగా ఎగదోసేది బరువు ఒక్కటే కాదు, 'హుఁ' అని ఊపిరి బిగబట్టి ముక్కడం కూడా. అందుకని తేలిక బరువులు, ఎక్కువసార్లు, ఊపిరి వదులుతూ చేయడానికి చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. ఇక ఒక్కసారి కూడా ఎత్తలేను అనేంతవరకు చేయడం వద్దు. ప్లాంక్, గోడకు ఆనుకుని కూర్చున్నట్టు ఉండిపోవడం, వరస దండాలు కూడా బిగబట్టే శ్రమలే. అమెరికాలోని యేల్‌కు చెందిన గుండె సర్జన్ జాన్ ఎలెఫ్టీరియాడిస్ బరువులెత్తుతూ ధమని చీలిన యువకుల కేసులు ప్రచురించి, ధమని ఉబ్బినవాళ్లు తమ ఒంటి బరువులో సగానికి మించి ఎత్తొద్దన్నారు. అది పైగీత అనుకోండి. మీ డాక్టరు ఇంకా కిందే గీయొచ్చు.

జిమ్ ముఖం చూడనివాళ్లు కూడా ఇది చదవాలి. నిండు గ్యాస్ సిలిండర్ 30 కిలోల దగ్గర తూగుతుంది. బియ్యం బస్తా 25 కిలోలు. మలబద్ధకంతో ముక్కడమూ ఊపిరి బిగబట్టడమే. జిమ్ మానేశామని నిశ్చింతగా ఉంటూ సిలిండర్ భుజానికెత్తుకుని మూడో అంతస్తుకు మోసేవాళ్లుంటారు.

బడిలో ఆటల పీరియడ్ నుంచి మినహాయింపు మా హక్కా?

పూర్తి మినహాయింపు అడక్కండి. పిల్లవాణ్ని చెట్టు కింద కూర్చోబెట్టి నలుగురి బ్యాగులకు కాపలా పెడతారు. అడగాల్సింది మార్పు. దానికి ఒక ఉత్తరం కావాలి, అది సరిగ్గా ఉండాలి. 'గుండె జబ్బు, ఆటలు వద్దు' అని డాక్టరు మందుల చీటీ వెనక గీకిచ్చింది పనికిరాదు. పేరు, జబ్బు, ఈ ఏడాది కొలత, ఏవి చేయొచ్చు (నడక, తేలికపాటి పరుగు, క్యారమ్స్, టేబుల్ టెన్నిస్, స్కోరు రాయడం, అంపైరింగ్), ఏవి ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు (కబడ్డీ, తాడు లాగుడు, దండాలు, బస్కీలు, పిరమిడ్లు కట్టడం), ఛాతీలోనో వెన్నులోనో నొప్పి వస్తే ఏం చేయాలి, ఈ కాగితం ఎప్పటిదాకా చెల్లుతుంది. ఇవన్నీ ఉంటే పీఈటీ సార్ కూడా ఊపిరి పీల్చుకుంటారు. ఆయన భయమల్లా తన పీరియడ్‌లో ఏమైనా అవుతుందనే. ఒక కాపీ హెడ్మాస్టర్‌కిచ్చి, మీ కాపీ మీద అందిందని సంతకం తీసుకోండి.

చట్టం సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మార్ఫాన్ పేరు లేదు. కానీ ఆ జబ్బు వల్ల చూపు మందగిస్తే, వెన్ను వంకర వల్ల కదలిక తగ్గితే ఆ లెక్కన వైకల్య ధ్రువపత్రం రావొచ్చు. రిజర్వేషన్ల వంటి చాలా ప్రయోజనాలకు 40 శాతం ఉండాలి. వివక్ష చూపకూడదు, తగిన సర్దుబాటు చేయాలి అన్న సూత్రాలకు మాత్రం ఆ 40 అక్కర్లేదు.

ఇక గుంజీలు. హోంవర్క్ చేయలేదని వంద గుంజీలు తీయించడం, గ్రౌండు చుట్టూ పరిగెత్తించడం మన బళ్లలో ఇంకా చచ్చిపోలేదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. ఏ పిల్లవాడికీ ఈ శిక్షలు వేయకూడదు. ఈ జబ్బున్న పిల్లవాడికి వేస్తే అది ప్రాణం మీదికి తెచ్చే పని.

ఈ మార్గదర్శకాలు చట్టాలా?

కావు. ఇటలీలో 1982 నుంచి పోటీ క్రీడాకారులకు ముందస్తు గుండె పరీక్ష చట్టం ప్రకారం తప్పనిసరి. మన దగ్గర పైన చెప్పినవన్నీ వైద్య సంఘాల సలహాలే. అలాగని తీసిపారేయడానికి లేదు. వైద్య నిర్లక్ష్యం కేసు వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే డాక్టరు పాటించాల్సిన ప్రమాణం ఏమిటన్న చర్చలో ఇవే ముందుకొస్తాయి.

నా ప్రాణం నా ఇష్టం. జట్టు నుంచి తీసేసే హక్కు కాలేజీకి ఉందా?

ఈ ప్రశ్న అమెరికాలో కోర్టుకెక్కింది. నికొలస్ నాప్ అనే కుర్రాడు స్కూల్లో ఉండగా బాస్కెట్‌బాల్ ఆడుతూ గుండె ఆగి బతికి బయటపడ్డాడు. అతనిది ధమని జబ్బు కాదు, కానీ పేచీ ఇదే. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ అతనికి స్కాలర్‌షిప్ ఇచ్చింది, ఆడనివ్వలేదు. ఆడతాననేవాళ్ల వైపూ డాక్టర్లున్నారు, వద్దనేవాళ్ల వైపూ ఉన్నారు. 1996లో అప్పీలు కోర్టు యూనివర్సిటీకి అనుకూలంగా చెప్పింది. తగిన వైద్య ఆధారాలతో, ఆ మనిషి పరిస్థితిని విడిగా పరిశీలించి తీసుకున్న నిర్ణయమైతే కోర్టు అడ్డుపడదని ఆ తీర్పు సారం. ఈ తర్కమే న్యాయంగా తోస్తుంది. 'మార్ఫానా, అయితే వద్దు' అని ఒక్కమాటతో కొట్టేయడం వేరు, కొలతలు చూసి వద్దనడం వేరు. మన కాలేజీ మిమ్మల్ని తీసేస్తే మీరు అడగాల్సింది కూడా ఆ ఆధారాలే, రాతపూర్వకంగా.

2014లో అయిజయా ఆస్టిన్ అనే అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాడికి, వృత్తి లీగ్ ఎన్‌బీఏ జట్లు ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌కు కొద్ది రోజుల ముందు పరీక్షల్లో మార్ఫాన్ తేలింది. వృత్తిజీవితం ముగిసిందన్నారు. డ్రాఫ్ట్ రోజున ఎన్‌బీఏ గౌరవంగా అతని పేరు చదివింది. రెండేళ్ల తర్వాత డాక్టర్లు అనుమతించాక విదేశీ క్లబ్బులకు ఆడాడు. ఈ కథను చాలామంది ధైర్యం చెప్పడానికి వాడతారు. అందులో గమనించాల్సింది అతని ధైర్యం కన్నా ఆ రెండేళ్ల పరీక్షలు. ఇప్పటి మార్గదర్శకాలు కూడా డాక్టరు, ఆటగాడు, కుటుంబం కూర్చుని కలిసి నిర్ణయించుకునే వైపు మొగ్గుతున్నాయి. కలిసి నిర్ణయించుకోవడమంటే ఆటగాడు కోరిందల్లా ఇవ్వడం కాదని ఆటగాళ్ల తల్లిదండ్రులే ముందు ఒప్పుకోవాలి.

మేము డాలస్‌లో ఉంటాం. ఇక్కడి బడిలో ఏం అడగాలి?

1973 నాటి రిహాబిలిటేషన్ చట్టం 504 సెక్షన్ కింద '504 ప్లాన్' అడగండి. వ్యాయామ పీరియడ్‌లో మార్పులు, బరువైన పుస్తకాల సంచి బదులు రెండో సెట్టు పుస్తకాలు, అత్యవసర ప్రణాళిక అన్నీ అందులో రాయించుకోవచ్చు. జన్యు పరీక్షకు ముందు ఒక సంగతి తెలుసుకోండి. 2008 నాటి జినా చట్టం ఆరోగ్య బీమాలో, ఉద్యోగంలో జన్యు సమాచారం ఆధారంగా వివక్షను ఆపుతుంది. జీవిత బీమాకు అది వర్తించదు. లైఫ్ పాలసీ తీసుకునే ఆలోచన ఉంటే ఏది ముందు చేయాలో జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడుకోండి.

మా అమ్మాయికి డాక్టరు విలువిద్య సరే అన్నారు. బీటా బ్లాకర్ వాడుతోంది. పోటీలకు ఇబ్బందా?

ఇబ్బందే, అదీ పెద్దదే. ధమని జబ్బున్నవాళ్లకు డాక్టర్లు ఒప్పుకునే ఆటలు విలువిద్య, షూటింగ్, గోల్ఫ్. బీటా బ్లాకర్లను ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ నిషేధించిన ఆటల జాబితాలో కూడా అవే ఉన్నాయి! గుండె నెమ్మదిస్తే చేయి వణకదు, గురి నిలుస్తుందని. విలువిద్య, షూటింగ్‌లలో పోటీ లేని రోజుల్లో కూడా నిషేధమే. విజయవాడ చుట్టుపక్కల పిల్లలు విల్లు పట్టుకునే అకాడమీల్లో ఈ సంగతి ముందే చెప్పాలి.

దారి ఒకటుంది, చికిత్సా మినహాయింపు. జాతీయ స్థాయి క్రీడాకారులు మన జాతీయ యాంటీ డోపింగ్ సంస్థ నాడాకు దరఖాస్తు చేయాలి, పోటీకి కనీసం 30 రోజుల ముందు. ఎకో రిపోర్టులు, డాక్టరు లేఖ, ఈ మందు బదులు వేరేది ఎందుకు చాలదో వివరణ జతచేయాలి. ఆ ఆటల్లో ఈ మందుకు మినహాయింపు తేలిగ్గా దొరుకుతుందనుకోకండి. ఈ జబ్బుకు వాడే మరో బీపీ మందు లోసార్టాన్ నిషిద్ధం కాదు. దాని మీద నెట్టుకురాగలమా అన్నది గుండె డాక్టరు తేల్చాలి. పోటీ కోసం మాత్ర మానేయడం మాత్రం మీరే తీసుకునే నిర్ణయం కాకూడదు.

కానిస్టేబుల్ పరీక్షకు సిద్ధమవుతున్నాను. ఈవెంట్స్ నుంచి సడలింపు వస్తుందా?

ఈ జబ్బు చెప్పి అడిగే హక్కు లేదు. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులకు 1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, 7.26 కిలోల షాట్‌పుట్ ఉన్నాయి. అవి ఆ ఉద్యోగానికి అర్హతలు. జబ్బు దాచి గ్రౌండులోకి దిగే కుర్రాళ్లకు చెప్పేదొకటే: గడియారం చూసుకుంటూ ప్రాణం పెట్టి పరిగెత్తే ఆ పరుగు పైన చెప్పిన ఏ మెట్టుకూ నప్పదు. గ్రూప్స్, బ్యాంకు, టీచరు పరీక్షల్లో ఈవెంట్స్ ఉండవు.

జిమ్‌లో చేరేటప్పుడు 'ఏం జరిగినా నాదే బాధ్యత' అని సంతకం పెట్టాను. ఇక నాకు హక్కుల్లేవా?

ఉన్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారుడి హక్కులను విపరీతంగా కుదించే ఒప్పందాలను అన్యాయమైన ఒప్పందాలుగా చూస్తుంది. మీ జబ్బు రాతలో చెప్పాక కూడా ట్రైనర్ బలవంతంగా బరువులెత్తిస్తే ఆ సంతకం వాళ్లను పూర్తిగా కాపాడదు. మీరు చెప్పకుండా దాచితే మాత్రం మీ వాదన బలహీనపడుతుంది. 1915 హెల్ప్‌లైన్ ఉంది. జిల్లా కమిషన్‌లో, చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపయితే దాఖలుకు ఫీజు లేదు.

వంశపారంపర్య జబ్బని బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించవచ్చా?

ఆ ఒక్క కారణంతో కుదరదు. వంశపారంపర్య గుండె జబ్బున్న ఒక పాలసీదారుడి కేసులో ఢిల్లీ హైకోర్టు 2018లో 'జన్యు రుగ్మతలు' అంటూ గంపగుత్తగా మినహాయించే షరతును తప్పుబట్టింది. ఆ వ్యవహారం తర్వాత సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అయితే హైదరాబాద్‌లోనే కొలువున్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కూడా అదే ఏడాది, ఆ షరతు చూపి క్లెయిములు తిరస్కరించొద్దని కంపెనీలకు సర్క్యులర్ ఇచ్చింది.

పాలసీ తీసుకునేముందే జబ్బు ఉందని తెలిస్తే నిరీక్షణ కాలం పెడతారు. 2024 నుంచి అది గరిష్ఠంగా 36 నెలలే. ప్రపోజల్ ఫారంలో దాచకండి. 60 నెలలు ఆగకుండా కట్టాక మోసమని రుజువైతే తప్ప, దాచారన్న పేరుతో తిరస్కరించడానికి లేదు. ఆలోపు దొరికితే క్లెయిమ్ పోతుంది. 'సాహస క్రీడలు' అన్న మినహాయింపు చూసి కూడా బెదరకండి. ప్రామాణిక షరతు ప్రకారం అది వృత్తిగా ఆడేవాళ్లకే. కంపెనీ 30 రోజుల్లో తేల్చకపోతే, లేదా తేల్చింది నచ్చకపోతే, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. ఆరోగ్యశ్రీ వాళ్లయితే ధమని ఆపరేషన్ గురించి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గరే ముందు అడగండి.

ఇంట్లో ఇంకెవరికి పరీక్ష చేయించాలి? రిపోర్టులు ఇవ్వకపోతే?

తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పిల్లలకు, ఆటలాడని వాళ్లకు కూడా. ఫ్లో హైమన్ మరణం తర్వాత పరీక్ష చేయించుకున్న ఆమె సోదరుడికి కూడా ధమని సమస్య బయటపడి, ఆపరేషన్‌తో బతికాడు. జన్యు పరీక్షలకు హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం, సీడీఎఫ్‌డీ ఉన్నాయి. ఇక రిపోర్టులంటారా, 2002 నాటి వైద్య నీతి నియమావళి ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఎకో సీడీ కూడా అడగండి. వచ్చే ఏడాది కొలత పోల్చడానికి కాగితం మీది ఒక అంకె చాలదు.

ఆపరేషన్ అయిపోయింది. ఇక అన్నీ ఆడొచ్చా?

మార్చింది ధమనిలో ఒక ముక్కనే. మిగతాదంతా అదే బలహీనమైన గోడ. పైగా లోహపు కవాటం పెట్టి ఉంటే వార్ఫరిన్ వాడాలి, చిన్న దెబ్బకే లోపల నెత్తురు కారొచ్చు. ఢీకొనే ఆటలు శాశ్వతంగా వద్దు. నడక మాత్రం డాక్టరు చెప్పిన రోజు నుంచే మొదలుపెట్టండి.

ఆడుతుండగా నొప్పి వస్తే?

ఛాతీలోనో భుజాల మధ్య వెన్నులోనో చీల్చినట్టు నొప్పి హఠాత్తుగా వస్తే ఆట ఆపి 108కి ఫోన్ చేయండి. కాస్త తగ్గిందని బైక్ మీద బయలుదేరకండి. గ్యాస్ అని సోడా తాగిస్తూ కూర్చోకండి. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ప్రాణాపాయంలో ఉన్నవాళ్లకు వైద్యం చేయడం ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లందరి బాధ్యతని చెప్పింది. ఫార్మాలిటీల పేరుతో తిప్పి పంపడానికి లేదు.

ఆసుపత్రిలో మీరు చెప్పాల్సిన మొదటి మాట: 'నాకు బృహద్ధమని జబ్బుంది, సీటీ యాంజియో తీయండి.' ఈసీజీ మామూలుగా ఉన్నా ధమని చీలి ఉండవచ్చు. గుండెపోటనుకుని గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే ఈ జబ్బులో ప్రాణాంతకం. నొప్పిలో ఆ మాట మీ నోట రాకపోవచ్చు కాబట్టి ఒక కార్డు రాసి పెట్టుకోండి. జబ్బు పేరు, చివరి కొలత, వాడే మందులు, సిప్రోఫ్లాక్సాసిన్ వర్గం యాంటీబయాటిక్స్ వద్దన్న సంగతి (ధమని ఉబ్బు, మార్ఫాన్ ఉన్నవాళ్లకు వాటిని వీలైనంత మానమని అమెరికా ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులో హెచ్చరించింది), డాక్టరు నంబరు అందులో ఉండాలి. ఒకటి పర్సులో, ఒకటి ఆటల సంచిలో పెట్టండి. ఫోన్ లాక్ స్క్రీన్ మీద అత్యవసర సమాచారం పెట్టుకునే వీలుంటుంది, అక్కడా ఎక్కించండి.